పక్కగది గొంతు

మా ఇంట్లో కుట్టుమిషను ఆగిందంటే నాకు పిలుపు రాబోతోందని అర్థం.

ముందుగదిలో కంప్యూటరు ముందు నేను కూర్చుంటాను. వెనకగదిలో మిషను ముందు మా ఆవిడ. మధ్యలో తలుపు లేదు, కర్టెన్ ఉంది. నేను వీడియోలు కత్తిరించి అతికిస్తాను, ఆవిడ గుడ్డలు కత్తిరించి అతికిస్తుంది. ఆవిడ దగ్గర మిగిలిన ముక్కలు కనీసం బల్ల తుడుచుకోవడానికైనా పనికొస్తాయి. నా దగ్గర మిగిలినవి ఎందుకూ కొరగావు. నా బతుక్కి తగ్గ పనే దొరికింది నాకు.

మిషను గడగడా నడుస్తూ ఉంటుంది. ఉన్నట్టుండి ఆగుతుంది. ఒక ఊపిరి పీల్చుకునేంత ఖాళీ. అప్పుడు కర్టెన్ అవతల నుంచి, "ఏమండీ!"

"ఆఁ."

"వింటున్నారా?"

"ఆఁ."

అప్పుడు అసలు మాట. బల్బు మాడిపోయిందనో, కొళాయి కారుతోందనో, ఎదురింటావిడ మళ్ళీ జాకెట్టు వదులైందని తెచ్చిందనో. నేను ఇంకో 'ఆఁ' అంటాను. మిషను మళ్ళీ నడుస్తుంది. పిల్లల్లేని ఇల్లు, ఉన్నది ఇద్దరం. మా కాపురం చప్పుడంటే ఇదే. పనిలో ఉన్నంతసేపూ హెడ్‌ఫోను కుడిచెవికే పెట్టుకుంటాను, ఎడమచెవి ఖాళీగా వదిలేస్తాను. ఈ లైన్లో ఉన్న మిగతావాళ్ళు చూసి నవ్వేవాళ్ళు, "అన్నకి ఒక చెవి కస్టమర్లది, ఒక చెవి వదినది" అని.

చలికాలం మొదట్లో ఆవిడ గొంతు బొంగురుపోయింది. జలుబన్నాం. జలుబు తగ్గింది, బొంగురు తగ్గలేదు. చివరికి పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ ఒక కాగితం మీద గొంతు బొమ్మ గీసి, ఒకచోట అడ్డంగా గీత కొట్టి చూపించింది.

"ఈ స్వరపేటిక తీసెయ్యాలమ్మా. తీసేస్తే ప్రాణానికి భయం లేదు. మాట మాత్రం ఉండదు."

మా ఆవిడ నా వైపు చూసి, "ఈయన అదృష్టం పండింది" అంది.

డాక్టరమ్మ నవ్వలేదు. "తర్వాత గొంతుకి ఆనించుకునే చిన్న మిషను వస్తుంది. నేర్చుకుంటే దాంతో మాట్లాడొచ్చు. గొంతు మీది కాదనుకోండి, కానీ మాట అర్థమవుతుంది."

"మా ఇంట్లో ఒక మిషనుంది లెండి. ఇంకోటెందుకు?"

బయటికొచ్చాక మెట్ల మీద కాసేపు కూర్చుంది. ఏడవలేదు. "ఒప్పుకున్న పనులన్నీ ఈలోపు పూర్తి చెయ్యాలి" అంది. నేను ఏదో ఒకటి అనాల్సింది. నా నోటికి మాట రావడం ఎప్పుడూ ఆలస్యమే. ఇంట్లో మాటల డిపార్టుమెంటు ఆవిడది.

ఆ వారమే నా పాత డిస్కులన్నీ బయటికి తీశాను. ఎన్నో ఏళ్ళ వీడియోలు. పెళ్ళిళ్ళు, షాపుల ప్రారంభాలు, స్కూలు వార్షికోత్సవాలు. వాటిలో ఎక్కడో ఒకచోట ఆవిడ గొంతు ఉంటుంది కదా అనుకున్నాను. ఎన్ని ఫంక్షన్లకి నాతో లైటు పట్టుకుని రాలేదు!

లేదు. ఎక్కడా లేదు.

మా పని పద్ధతి చెప్పాలిక్కడ. వీడియోలో కెమెరా పట్టిన సౌండు ఎవడికీ అక్కర్లేదు. గోల, దగ్గులు, ఫ్యాన్ల హోరు. ఎడిటింగులో కూర్చోగానే మేం చేసే మొదటి పని సౌండు మొత్తం తీసి పారేసి పాట వెయ్యడం. తీసినవాడికీ, తీయించుకున్నవాడికీ అదే ఇష్టం. ఈ పనిలో నాది అందెవేసిన చెయ్యి, అందుకే లైన్లో నన్ను 'పాటలాయన' అంటారు. ఫైనలు కాపీ ఇచ్చాక అసలు ఫుటేజీ చెరిపేసి, ఆ కార్డుల్లోనే తర్వాతి పెళ్ళి తీస్తాం. ఎవడైనా అంతే. కార్డులేమన్నా చెట్లకి కాస్తాయా?

ఒక్క చోట మాత్రం ఆవిడ దొరికింది. నా మరదలి పెళ్ళి వీడియోలో. కెమెరాకి ఎదురుగా వచ్చి నిలబడి, నవ్వుతూ ఏదో అంటోంది. కాస్త పొడవైన మాటే. తల పక్కకి వాల్చి, చెయ్యి తిప్పుతూ అంటోంది. దాని మీద పాట. సన్నాయి, కోరస్సు, అన్నీ. పాట నేనే వేశాను. పాట తీసేస్తే కింద ఏమీ లేదు, గోడకి వేసిన రంగు గీకితే గోడే లేనట్టు.

పెదాలు చూసి పోల్చుకుందామని మళ్ళీ మళ్ళీ తిప్పాను. తెలియలేదు. కర్టెన్ తీసి అడిగాను, "మీ చెల్లెలి పెళ్ళిలో కెమెరా ముందుకొచ్చి ఏదో అన్నావు. ఏమన్నావు?"

"ఏ యుగం నాటి మాట అది? నాకేం గుర్తు?" అని సూదిలో దారం ఎక్కించుకుంటూ, "ఎందుకిప్పుడు?" అంది.

"ఊరికే."

"మీరు ఊరికే ఏదీ అడగరు. అసలు అడగనే అడగరు."

ఇప్పుడున్న గొంతైనా దాచుకుందామని మొదట ఫోనుతో పట్టాను, దొంగతనంగా. ఫోనుకి తెలివి ఎక్కువ. మిషను చప్పుడు చెత్త అనుకుని తనంతట తనే ఊడ్చేసింది. ఊడుస్తూ ఊడుస్తూ ఆవిడ గొంతు చివర్లు కూడా ఎత్తుకుపోయింది. వింటే, బకెట్లో తలపెట్టి మాట్లాడినట్టుంది. మంచి రికార్డరు కొనాలి అనుకున్నాను. ఇన్నేళ్ళుగా సౌండు పారబోసినవాణ్ణి, నాకు రికార్డరు గురించి తెలిసింది సున్నా.

కెమెరా సామాన్ల షాపువాణ్ణి అందరం గ్యారంటీ అంటాం. నోరు తెరిస్తే అదే మాట. లెన్సు మూత అమ్మినా గ్యారంటీ అంటాడు.

"రా అన్నా రా! ఏంటీ, సౌండు రికార్డరా? నీకా?" కళ్ళజోడు పైకి తోసి చూశాడు. "చేప గొడుగు కొనడానికొచ్చినట్టుంది."

"నీ నోటికి మూత లేదు గానీ, చూపించు."

"ఎందుక్కావాలో చెప్పు ముందు. ఇంటర్వ్యూకా, స్టేజీకా, నడుస్తూ తీసేదానికా? చూడన్నా, రికార్డరు కొనేటప్పుడు చూడాల్సింది రికార్డరు కాదు. మాట్లాడే మనిషి ఎక్కడ కూర్చుంటాడు, ఎలా మాట్లాడతాడు, అది చూడాలి."

"ఒక్కరే. కూర్చుని మాట్లాడతారు. లోపల గదిలో."

"అంతేనా? అయితే చిటికెలో పని."

లావుపాటి నల్లడబ్బా ఒకటి బల్ల మీద పెట్టాడు. పక్కన పెద్ద మైకు తీగలు బిగించే గుంతలు, ముందు వరసగా నాబ్‌లు. దానికి మూరెడు పొడవు గన్ మైకు తగిలించాడు. "దీన్ని మనిషి నోటికేసి గురిపెట్టు. చుట్టుపక్కల చప్పుడు ఏదీ రాదు. మాట ఒక్కటే, ముత్యంలా. గ్యారంటీ!" షాపులో పాత ఖాతాదారులకి డెమో పీసులు ఇంటికిచ్చి చూసుకోనిస్తాడు, మన వస్తువేదైనా తన దగ్గర పెట్టాలి అంతే. నా లెన్సు ఒకటి అక్కడ పెట్టి డబ్బా తెచ్చుకున్నాను.

ఇంట్లో చెప్పాల్సిన అబద్ధం దారిలో తయారుచేసుకున్నాను. "కుర్చీల ఫ్యాక్టరీవాళ్ళు వీడియో అడిగారు. పనివాళ్ళ మాటలు కావాలట, పాట వద్దట. ఈ రికార్డరు ఎలా ఉందో చూడాలి. కాస్త మాట్లాడు."

ఆవిడ నన్నూ గన్ మైకునీ మార్చి మార్చి చూసింది. "పాట వద్దన్నారా? మిమ్మల్నా?"

"కాలం మారింది."

"మారితే మంచిదే."

వెనకగది కిటికీలు మూశాను. ఫ్యానాపాను. ఫ్రిజ్ ప్లగ్గు పీకాను. గోడలకి దుప్పట్లు వేలాడదీశాను. ఆవిణ్ణి మిషను దగ్గర నుంచి లేపి స్టూలు మీద కూర్చోబెట్టి మైకు గురిపెట్టాను.

"చెప్పు."

"ఏం చెప్పను?"

"ఏదో ఒకటి. రోజూ చెప్పేదే."

ఆవిడ పమిట సర్దుకుని, వీపు నిటారుగా పెట్టి మొదలుపెట్టింది. "నేను దర్జీ పని చేస్తాను. ఈ పని చాలా కాలంగా చేస్తున్నాను. నా పని నాకు తృప్తినిస్తుంది." రేడియోలో వాతావరణ వివరాలు చదివేవాళ్ళు గుర్తొచ్చారు.

"అలా కాదు. నాతో మాట్లాడినట్టు మాట్లాడు."

"మీతో మాట్లాడాలంటే మీరు కనబడకూడదు కదండీ. ఇట్లా ఎదురుగా కూర్చుని ఎప్పుడైనా మాట్లాడుకున్నామా?" అని, చెమట తుడుచుకుని, "ఫ్యానేస్తారా, కుర్చీలవాళ్ళ కోసం నన్ను ఉడకబెడతారా?" అంది.

తర్వాత విన్నాను. గ్యారంటీ చెప్పినట్టే ముత్యంలా ఉంది. ఉతికి, గంజిపెట్టి, ఇస్త్రీ చేసిన గొంతు. ఎవరో పొరుగింటావిడ.

నల్లడబ్బా వెనక్కిచ్చేశాను. "చప్పుళ్ళు ఉండాలి. మనిషికి తెలియకుండా పట్టాలి" అన్నాను. గ్యారంటీ బుర్ర గోక్కుని రెండోది తీశాడు. చేతిలో పట్టేంతది, నెత్తిన రెండు మైకులు మేక కొమ్ముల్లా. "తీగల్లేవు, గొడవ లేదు. లెవెలు సరిగ్గా పెట్టుకో, చాలు."

ఆవిడ బజారుకెళ్ళినప్పుడు దాన్ని వెనకగదిలో గుడ్డల మూటల మధ్య దాచాను. ఆవిడ మామూలు మాట ఎంత గట్టిగా ఉంటుందో అంచనా వేసి, ఆ లెక్కకి లెవెలు పెట్టాను. ముందుగదిలో కూర్చుని కుడిచెవికి హెడ్‌ఫోను తగిలించుకుని పనిచేస్తున్నట్టు నటించాను. ఆవిడ వచ్చింది, మిషను నడిచింది, ఆగింది.

"ఏమండీ!"

దొరికింది అనుకున్నాను. మూట విప్పి వింటే, మిగతా మాటలన్నీ బాగానే ఉన్నాయి. 'ఏమండీ' మాత్రం పగిలిపోయింది. అరిచే మాట కదా అది, అవతలి గదికి చేరాల్సిన మాట. లెవెలు దాటిపోయింది. గాజుగ్లాసు రాయి మీద వేసినట్టు పెటపెట. సరే, మర్నాడు 'ఏమండీ'కి సరిపోయేలా లెవెలు తగ్గించాను. 'ఏమండీ' నిలిచింది. తర్వాతి మాటలు చీమల్లా ఎక్కడో అడుగున పాకుతున్నాయి, వాటిని పెంచితే ఇసుక పోసినట్టు బుస్సుమని హోరు. మామూలు మనుషులు ఒకే ఎత్తులో మాట్లాడతారు. నాకు దొరికిన మనిషి పిలవడానికి కొండెక్కుతుంది, చెప్పడానికి లోయలోకి దిగుతుంది.

ఈలోపు ఆపరేషను తేదీ ఇచ్చారు. నా మరదలు పెట్టె సర్దుకుని వచ్చి మా ఇంట్లో దిగింది. వచ్చీ రాగానే నన్ను వంటింట్లోకి లాగింది.

"బావగారూ, అక్కకి మాట్లాడితే నొప్పిగా ఉంటోందట. మీకు చెప్పిందా?"

"లేదు."

"చెప్పదు. ఫోన్లో నాతో సైగలు చెయ్యలేక 'ఊఁ' 'ఊఁ' అంటోంది. మీరేమో ఏదో రికార్డరు బేరాల్లో ఊరంతా తిరుగుతున్నారు. పెళ్ళాం ఆసుపత్రికెళ్తుంటే కుర్చీలవాళ్ళ వీడియోనా? మనిషన్నాక కాస్త ఉండాలి బావగారూ."

ఏం ఉండాలో చెప్పలేదు. నేనూ అడగలేదు. నిజం చెబితే అక్కచెల్లెళ్ళు ఒకటే, క్షణంలో అవతలికి చేరుతుంది. దులిపించుకుని బయటపడ్డాను.

మూడోసారి వెళ్ళేసరికి గ్యారంటీ షాపులో ఎవరూ లేరు. "అన్నా, నిజం చెప్పు" అన్నాడు. "నువ్వు పట్టేది కుర్చీల ఫ్యాక్టరీ కాదు. ఎవర్ని?"

"మా ఆవిణ్ణి" అన్నాను. మిగతాది కూడా చెప్పాను. వాడు విన్నాడు. గాజు బల్ల మీద దుమ్ము లేకపోయినా తుడిచాడు. తర్వాత లోపలికెళ్ళి ఒక చిన్నది తెచ్చాడు, సబ్బుబిళ్ళంత. దానికి లెవెలు నాబ్ లేనే లేదు.

"కొత్త రకం. థర్టీటూ బిట్ ఫ్లోట్ అంటారు. లెవెలు పెట్టే పని లేదు. గుసగుసలాడినా పడుతుంది, పక్కన పిడుగుపడినా పగలదు. నీ కంప్యూటర్లో వేసుకుని తర్వాత పెంచుకో, తగ్గించుకో. ఎక్కడ పెడతావు, ఆవిడ పక్కనేనా?"

అప్పుడు నాకు తట్టింది. ఇన్ని రోజులూ తప్పుచోట వెతుకుతున్నాను. ఆవిడ పక్కన నిలబడి ఆ గొంతు నేనెప్పుడు విన్నాను? నేను విన్నదంతా కర్టెన్ ఇవతల నుంచి. మిషను మీదుగా, గోడకి తగిలి, గుమ్మం దాటి, కర్టెన్ మడతల్లోంచి వచ్చిన గొంతు. అది నా చెవి దాకా వచ్చేసరికి ఎలా ఉంటుందో అదే ఆవిడ గొంతు నాకు.

"నా బల్ల మీద పెడతాను" అన్నాను. "ముందుగదిలో. నా ఎడమచెవి పక్కన."

"అంత దూరం నుంచా? వద్దన్నా. గోడల ప్రతిధ్వని వస్తుంది, గది హోరు వస్తుంది, మాట మసకబారుతుంది. సౌండు తెలిసినవాడెవడూ అలా పట్టడు."

"మసకదే కావాలి."

వాడు అలాంటిదే ఇంకో కంపెనీది కూడా తెచ్చి, రెంటినీ పక్కపక్కన పెట్టి, హెడ్‌ఫోను ఇచ్చి, షాపు వెనక్కి వెళ్ళి గొడౌనులోంచి, "అన్నా! వినబడుతోందా?" అని అరిచాడు. ఒకదాంట్లో వాడి గొంతు వెనక సన్నగా వాన కురుస్తున్నట్టుంది. రెండోదాంట్లో వాన లేదు, గొడౌను ఉంది. ఇనుప బీరువాలు, సిమెంటు నేల, వాడి చెప్పులు. ఇదే ఇవ్వమన్నాను. రికార్డరు కొనడమంటే నాకు తెలిసినంతలో ఇదే. ఎంత దూరంలో ఉన్న మనిషిని అంత దూరంగానే ఇస్తుందో లేదో చూసుకోవడం.

"పడుతుందంటావా?" అన్నాను డబ్బా జేబులో పెట్టుకుంటూ.

"పడుతుంది."

"గ్యారంటీ?"

"దీనికి మాత్రం ఆ మాట అడక్కన్నా" అన్నాడు.

బల్ల మీద కంప్యూటరు పక్కన పెట్టుకున్నాను, పైన చేతిరుమాలు కప్పి. పొద్దున్నే నొక్కేవాణ్ణి, సాయంత్రం ఆపేవాణ్ణి. అంతా పడింది. మిషను పడింది. మరదలు గిన్నెలు కడిగింది పడింది. వీధిలో స్కూటరు స్టార్టవ్వక తన్నులు తిన్నది పడింది. మిషను ఆగింది కూడా పడింది. నా చెయ్యి హెడ్‌ఫోను మీదికి వెళ్ళేది. ఊపిరంత ఖాళీ వచ్చేది. ఊపిరి అయిపోయేది. మిషను మళ్ళీ నడిచేది.

నొప్పి కాబోలు. పిలవడం మానేసింది. ఏదన్నా కావాలంటే చెల్లెలికి సైగ చేస్తోంది. సరైన రికార్డరు, సరైన చోటు, సరైన దూరం, అన్నీ అమరాయి. గొంతే లేదు. దేవుడు నాకు ఏదిచ్చినా ఇలాగే ఇస్తాడు, పళ్ళూడాక చెరుకుగడ. పిలవమని అడగలేను. నొప్పిగా ఉన్న మనిషిని, నీ గొంతు నాకు కావాలి, కాస్త అరువు అని ఏ మొహం పెట్టుకుని అడగను?

ఆసుపత్రికి వెళ్ళాల్సిన రోజు రేపనగా, మరదలు ఏవో మందులు తేవడానికి వెళ్ళింది. మిషను ఆగింది. కర్టెన్ రింగులు చప్పుడయ్యాయి. ఆవిడే బయటికొచ్చింది. నేరుగా బల్ల దగ్గరికొచ్చి రుమాలు ఎత్తింది. కింద ఎర్రలైటు వెలుగుతోంది.

"ఇదేనా కుర్చీల ఫ్యాక్టరీ?" అంది. మాట గరుగ్గా, చీర అంచు గోడకి రాసుకున్నట్టు వచ్చింది.

నేను హెడ్‌ఫోను తీసి బల్ల మీద పెట్టాను.

"అబద్ధం ఆడటం కూడా మీకు పదో తరగతి లాంటిదే. అక్కడిదాకా వెళ్తారు గానీ పాసవ్వరు. గుడ్డల మూటలో కొమ్ముల మేకని దాచిన రోజే చూశాను. కదిలిస్తే మీ పని పాడవుతుందని, మూట విప్పకుండా, అందులో ఉన్న ఎదురింటావిడ జాకెట్టు పని ఎగ్గొట్టాను."

"మరి చెప్పొచ్చుగా?"

"మీరు అడగొచ్చుగా?"

"అడిగితే నువ్వు వాతావరణం చదువుతావు."

ఆవిడ నవ్వబోయింది. అది దగ్గై, దగ్గు పెరిగి, బల్ల అంచు పట్టుకుంది. నీళ్ళిచ్చాను. తాగింది. ఎర్రలైటు వంక చూసింది.

"ఎక్కడ కూర్చోను?"

"ఎక్కడా వద్దు. నీ మిషను దగ్గరే."

"మీరు?"

"నేనిక్కడే."

ఆవిడకి అర్థమైంది. ఎక్కడ కుట్టు వదులైందో మనకంటే ముందు తెలుస్తుంది ఆవిడకి. రుమాలు మళ్ళీ కప్పింది, లైటు కనబడకుండా. కర్టెన్ తీసుకుని లోపలికెళ్ళింది. కుర్చీ జరిగింది. మిషను గడగడా నడిచింది, ఎంతోసేపు, నిజంగానే ఏదో కుడుతున్నట్టు. నేను హెడ్‌ఫోను కుడిచెవికి పెట్టుకున్నాను. అందులో ఏమీ మోగడంలేదు.

మిషను ఆగింది.

"ఏమండీ!"

బొంగురే. సగం గాలే. అయినా కొండెక్కింది.

"ఆఁ."

"వింటున్నారా?"

"ఆఁ."

"బాత్రూము కొళాయి కారుతోంది. వాషరు మార్చమని చెప్పి ఎన్నాళ్ళైంది? నేనొచ్చేసరికి మారాలి."

"ఆఁ."

మిషను నడిచింది. ఆగింది.

"ఏమండీ! ఎదురింటావిడకి జాకెట్టు ఇచ్చేయండి. ఈసారి వదులైందంటే, తినమని చెప్పండి."

నడిచింది. ఆగింది. బీరువా పైఅరలో దుప్పట్లున్నాయి, ఎండలో వెయ్యండి. మా చెల్లి మీద చిరాకుపడకండి, దానికి నోరే గానీ మనసు మెత్తన. పాలు పొంగించకండి. మీ నీలం చొక్కా గుండీ కుట్టాను, ఇంక మీరే కుట్టుకోండి, నాకు విసుగొచ్చింది. మధ్యమధ్యలో మిషను నడపడం మానలేదు. నడపకపోతే ఆగడం ఉండదని తెలుసు. ఒక్కో 'ఏమండీ'కీ కొండ కాస్త చిన్నదవుతోంది. చాలు అందామని నోటిదాకా వచ్చింది. అనలేదు. నా నోట్లోంచి వచ్చింది 'ఆఁ' ఒక్కటే.

మిషను మళ్ళీ ఆగింది. ఈసారి ఖాళీ ఎక్కువసేపుంది.

"ఏమండీ. ఇప్పుడు గుర్తొచ్చింది."

"ఏంటి?"

"మా చెల్లెలి పెళ్ళిలో అన్నది. అందరూ తినేసి చేతులు కడుక్కుంటున్నారు, మీరెప్పుడు తింటారు, ఆ కెమెరా కాసేపు కింద పెట్టండి అన్నాను."

"నేనేమన్నాను?"

"చెయ్యూపారు. పక్కకి జరగమని."

మిషను నడిచింది. ఆ సాయంత్రం ఇంక ఆగలేదు, మరదలు మందులు తెచ్చేదాకా.

ఆపరేషను బాగా జరిగిందన్నారు. మెడకి చిన్న కన్నం, దానికి గాజుగుడ్డ. ఇంటికొచ్చాక మరదలు కొన్నాళ్ళుండి వెళ్ళింది. ఆవిడ మాట్లాడాలంటే గుడ్డ మీద గుర్తులు పెట్టే సుద్దతో నల్లగుడ్డ ముక్క మీద రాస్తుంది. తర్వాత దులిపేస్తుంది. ఒకరోజు రికార్డరు చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి, గుడ్డ మీద రాసి చూపించింది: 'నేను ఇంట్లో లేనప్పుడే పెట్టుకోండి. ఇద్దరం ఒకేసారి మాట్లాడితే మీకు తల తిరుగుతుంది.'

ఆవిడ చెకప్పుకి చెల్లెలితో వెళ్ళినప్పుడు ఒకసారి పెట్టాను. ఎడమచెవి వైపు స్పీకరు జరుపుకున్నాను. మిషను నడిచింది, ఆగింది, ఊపిరంత ఖాళీ. "ఏమండీ!" నేను "ఆఁ" అన్నాను. అందులో ఉన్నవాడు కూడా అదే క్షణాన "ఆఁ" అన్నాడు. ఆవిడ వాడితోనే మాట్లాడుతూ పోయింది. కొళాయి, జాకెట్టు, దుప్పట్లు. వాడు హాయిగా కుర్చీలో కూర్చుని 'ఆఁ' కొడుతున్నాడు. వాడి మీద నాకు ఎంత అసూయ పుట్టిందంటే ఆపేశాను. ఆ రికార్డరు మళ్ళీ బల్ల మీద పెట్టేసి, అలవాటు కొద్దీ కొత్త రికార్డింగు నొక్కాను. ఎందుకు నొక్కానో నాకే తెలియదు. సామాను కొన్నాక వాడకపోతే పాడవుతుందనుకున్నానేమో.

వాళ్ళు తిరిగొచ్చారు. మరదలు గుమ్మం దగ్గర నుంచే వెళ్ళిపోయింది. ఆవిడ చెప్పులు విడిచి, చీర మార్చుకుని, వెనకగదిలోకెళ్ళింది. ఎవరిదో పరదా అంచు కుట్టాలి. మిషను నడిచింది. నేను ఒక షాపు ప్రారంభోత్సవం వీడియో కత్తిరిస్తున్నాను. పాట వెయ్యాలి. ఇంకా వెయ్యలేదు. రిబ్బను కత్తిరించేటప్పుడు వెనక ఎవరో ముసలాయన ఎవర్నో పేరుపెట్టి పిలుస్తున్నాడు, అది వింటున్నాను.

మిషను ఆగింది.

హెడ్‌ఫోను సర్దుకున్నాను. ఖాళీ సాగింది. సాగుతూనే ఉంది. దారం తెగిందేమో, బాబిను మారుస్తోందేమో అనుకున్నాను. అప్పుడు కత్తెరతో మిషను ఇనుప పలక మీద కొట్టింది. టక్, టక్.

"ఆఁ" అన్నాను.

మళ్ళీ టక్, టక్.

"వింటున్నా."

మిషను నడవలేదు. ఆవిడ ఎదురుచూస్తోంది. బల్బో, కొళాయో, సూదో, ఏదైనా కావచ్చు, ఇక్కడ కూర్చుంటే నాకు తెలిసే దారి లేదు.

ఆ రోజు రికార్డింగులో తర్వాత పడింది ఇంతే. నా కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడు. నా చెప్పుల చప్పుడు. కర్టెన్ రింగుల చప్పుడు. అక్కణ్ణుంచి సాయంత్రం దాకా, ఎవరూ లేని ముందుగది.